రాజావారి పైపు, పైడమ్మ నిప్పు

ఒకానొక రాజ్యంలో అని మొదలుపెడితే మీరు వెంటనే ఏనుగుల బారులూ ఏడంతస్తుల మేడలూ ఊహించేసుకుంటారు. అంత లేదండీ. సముద్రానికి రెండు కోసుల దూరంలో దేవరేవు అని ఓ చిన్న సంస్థానం, అంతే. ఏనుగు ఒక్కటే, అదీ ముసలిది. కోటగోడ ఒక పక్క కూలిపోతే ఆ సందులోంచి మేకలు వచ్చి పోతూ ఉండేవి. అయినా రాజుగారు రాజుగారే కదా! శ్రీ రాజా విజయగోపాల జగపతి బహద్దరు వారు. బంట్రోతు ఆ పేరంతా పలికి దండం పెట్టేసరికి ఆయన వచ్చి, కూచుని, లేచి వెళ్లిపోయేవారట కూడా.

ఆ కొలువులో కూర్మినాయుడు అని ఒకడుండేవాడు. అతని ఉద్యోగం ఏమిటో దివానుగారికే తెలీదు. పొద్దున్నే వస్తాడు, నాలుగు మాటలు చెప్తాడు, రాజుగారు నవ్వుతారు. మధ్యాహ్నం వంటశాల అరుగు మీద భోంచేసి ఇంటికి పోతాడు. ఆ భోజనం కోసమే ఆ నాలుగు మాటలూ చెప్తాడని అనుకునేవారు. అది నిజమే. నాయుడు కూడా కాదనేవాడు కాదు.

ఎందుకంటే ఆ వంట పైడమ్మది. తల్లిలేని రాజుగారిని మూడేళ్ల వయసు నుంచీ గోరుముద్దలు పెట్టి పెంచిన మనిషి. ఇప్పుడు రాజుగారికి నలభై దాటాయి, ఆమెకి డెబ్భై దగ్గరపడ్డాయి. అయినా కోటలో గరిటె ఆమె చేతిలోనే ఉంది. పనంతా అయ్యాక పెరటి గుమ్మంలో కూచుని అడ్డపొగ తాగేది. అడ్డపొగంటే చుట్ట వెలిగించి, వెలిగిన కొసని నోట్లో పెట్టుకుని మూతి మూసెయ్యడం. చూసేవాడికి గుండె ఝల్లుమంటుంది. ఆ ఊరి ఆడవాళ్లకైతే అలా నిప్పు నోట్లో పెట్టుకున్నా కబుర్లు ఆగవు.

ఇలా హాయిగా సాగిపోతుండగా రాజుగారు చెన్నపట్నం వెళ్లారు. అక్కడ ఎవరో దొరవారి విందులో ఒక ముసలిదొర కుర్చీలో వెనక్కి వాలి పైపు తాగుతుంటే చూశారు. అంతే, మనసు దాని మీద పడిపోయింది. తాతల నాటి చుట్టని అక్కడే వదిలేసి, ఒక పైపూ, ఆరు రేకు డబ్బాల ఇంగిలీషు పొగాకూ పట్టుకుని తిరిగొచ్చారు.

డబ్బాలో ఆకుతో పాటు ఓ కాగితం ఉంది. అందులో ఉన్నదంతా దుబాసీ చేత తెలుగులో చెప్పించుకుని బట్టీ పట్టారు. రోజూ సాయంత్రం కొలువులో పైపు వెలిగించి, కళ్లు మూసుకుని మొదలుపెట్టేవారు.

"ఇందులో మూడు దేశాల ఆకు ఉంది. ఒకటి ఎండాకు, ఒకటి తురకదేశపు చిన్నాకు, ఒకటి కట్టెల పొగలో మాగిన నల్లాకు. ముందు ఎండుగడ్డి రుచి. తర్వాత తేనె. ఆ తర్వాత అత్తిపండు. చివరికి పాతతోలు. తెలుస్తోందా?"

"మహాప్రభో, అత్తిపండు అదిరిపోయింది!" అన్నాడు ఓ ముందువరస పెద్దమనిషి, పొగ పీల్చి.

"అత్తిపండు ఇంకా రాలేదయ్యా. ఇప్పుడు గడ్డే నడుస్తోంది."

"అవునవును, గడ్డే, గడ్డే!"

జ్యోతిష్కుడు ఒకాయన మాత్రం పొరపాటున, "కాస్త ఘాటుగా ఉంది ప్రభూ" అన్నాడు. ఆయన్ని నెల్లాళ్లు స్తంభం వెనకాల కూచోబెట్టారు. అక్కణ్ణుంచి రాజుగారు కనపడరు, తాంబూలం అందదు. ఆ తర్వాత కొలువులో ఇంకెవరికీ ఘాటనిపించలేదు.

కూర్మినాయుడు మాత్రం పొగని చూడలేదు, రాజుగారి బుగ్గల్ని చూశాడు. ఆయన పైపుని చుట్ట లాగినట్టు లాగుతున్నారు. గిన్నెలో ఆకుని అటుకుల బస్తాలా కుక్కి, బుగ్గలు లొట్టలు పడేలా పీలుస్తున్నారు. పది పీల్పులకే పైపు కాలిపోయి పట్టు రుమాలుతో పట్టుకోవలసి వస్తోంది. పాపం, చుట్టకి అలవాటుపడ్డ దవడలు మరి!

మూడు వారాలు గడిచాయి. ఒకనాడు భోజనాల దగ్గర రాజుగారు విస్తరి పక్కకి నెట్టేశారు.

"ఉప్పు లేదు, పులుపు లేదు, కారం లేదు. ఇది చారా, వేణ్ణీళ్లా?"

పైడమ్మ ఉప్పు పెంచింది. మర్నాడూ అదే మాట. ఇంకా పెంచింది. రాణీగారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, చెంబుడు నీళ్లు తాగి లేచిపోయారు. రాజుగారు మాత్రం ఓ పచ్చిమిరపకాయని నిండుగా నమిలి, "ఈ చిక్కుడుకాయ ఉడకలేదే!" అన్నారు.

ఆ సాయంత్రమే హుకుం అయింది. పైడమ్మ చెయ్యి పాడైపోయింది, వయసు మీద పడింది. పున్నమి నాటికి పట్నం నుంచి దొరల వంట చేసే బట్లరు వస్తాడు. ఆమెని గౌరవంగా, చీరా సారె పెట్టి, తమ్ముడి ఊరు పంపించేయాలి.

మర్నాడు నాయుడు వంటశాలకి వెళ్లేసరికి పైడమ్మ ఉప్పుచట్టి ముందు పెట్టుకుని కూచుంది. చుట్ట వెలిగించలేదు. కుడిచేతి మూడు వేళ్లు దగ్గరగా పెట్టి, వాటినే చూసుకుంటోంది.

"ఏంటి పైడమ్మా, అలా ఉన్నావు?"

"ఏటుంటది నాయుడుబాబూ. ఈ మూడు వేళ్లతోటే ముప్పై ఏడేళ్లు ఉప్పేసినాను. ఎప్పుడూ కొలవనేదు. ఇప్పుడు సేతిలో రుసి సచ్చిపోనాది. ఎల్లిపోడానికి నాకు బాధ నేదు. బాబు సరిగ్గా తిన్లేదు గదా, మూడు నాలుగు దినాలై. నా సేతి కూడే పిల్లోడి కడుపు మాడ్సినాది."

నాయుడు అరుగు మీద కూచున్నాడు. విస్తరి వేయించుకుని ఒక ముద్ద తిన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉప్పు వల్ల కొంత, మిగతాది ఉప్పు వల్ల కాదు. చెయ్యి చచ్చిపోలేదని అతనికి తెలిసిపోయింది. చచ్చిపోయింది రాజుగారి నాలుక. కాల్చి కాల్చి, పాపం, దాన్ని అట్లపెనం చేసేశారు. కానీ ఆ మాట ఎవరు చెప్తారు? చెప్పినవాడు స్తంభం వెనక్కి పోతాడు, పైడమ్మ ఊరికి పోతుంది, ఆయన నాలుక కాలుతూనే ఉంటుంది.

"పైడమ్మా, ఒక్క మాట చెప్పు. బాబు చిన్నప్పుడు వేడిగంజి తాగి నాలుక కాల్చుకుంటే ఏం చేసేదానివి?"

"ఏటి సేస్తాను? తియ్యటి మజ్జిగ నోట్లో ఉంచుకోమనేదాన్ని. పెరుగూ సల్లన్నం పెట్టేదాన్ని. ఏడొద్దులు వేడి ముట్టనిచ్చేదాన్ని కాదు. యెందుకు బాబూ?"

"ఏం లేదులే. ఈ చారులో ఇంకాస్త నీళ్లు పొయ్యి" అని నవ్వుతూ లేచాడు నాయుడు.

ఆ సాయంత్రం రాజుగారు యథాప్రకారం గడ్డి, తేనె, అత్తిపండు, తోలు ముగించి, "ఈ దేశంలో నాకు సాటి వచ్చే నాలుక ఇంకోటుందా?" అన్నారు.

"ఒక్కటుంది ప్రభూ" అన్నాడు నాయుడు.

కొలువంతా గొంతు సవరించుకుంది. జ్యోతిష్కుడు స్తంభం వెనకాల కొంచెం పక్కకి జరిగి, చోటు చేశాడు.

"ఎవరయ్యా నాయుడూ?"

"పోటీనాడు చూపిస్తాను. తమ డబ్బాలోదే ఆకు, ఇద్దరికీ చెరో చిటికెడు. ఒకేసారి వెలిగించాలి. రుచి తెలిసిన నాలుక నిదానంగా తాగుతుంది కనక, ఎవరి నిప్పు ముందు ఆరితే వారు ఓడినట్టు. నా మనిషి ఓడితే మీసం తీసేసుకుని ఆ మేకలకి కాపలా కూచుంటాను. గెలిస్తే ఒక్క కోరిక తీర్చాలి."

"సరే, ఇప్పుడే కానివ్వు!"

"అయ్యో, ఇప్పుడెలా ప్రభూ! పోటీకి ముందు పెద్ద పెద్ద దొరలంతా ఏడు రోజులు నియమం పాటిస్తారు కదా. పైపు ముట్టరు. వేడి ముట్టరు. మజ్జిగ పుక్కిలిస్తారు, పెరుగన్నం చల్లగా తింటారు. నాలుకకి ఉపవాసం. తమకి తెలియనిదా?"

రాజుగారు ఒక్క క్షణం తడుముకున్నారు. "తెలియకేం! నేనే చెబుదామనుకుంటున్నాను. ఎనిమిదో రోజు పున్నమి. ఆనాడే పోటీ."

ఏడు రోజులు రాజుగారు నియమం తప్పలేదు. దొరలు చేసేదంటే ఆయన చేసి తీరతారు. అదొక్కటే గుణం నాయుడికి కలిసొచ్చింది.

పున్నమి నాటి పొద్దున పైడమ్మ మూట సర్దుకుంది. నాయుడు వెళ్లి, "ఒక్క పూట ఆగు. ఇవాళ్టి వంట నువ్వే చెయ్యి. ఇన్నేళ్లూ ఎలా చేశావో అలాగే చెయ్యి. ఎవరి మాటా వినకు, నీ వేళ్ల మాట విను. తర్వాత కొలువు చావడికి రా. వెళ్లేముందు బాబుగారి ఆకు ఒకసారి రుచి చూద్దువుగాని" అన్నాడు.

చావడి నిండిపోయింది. రాజుగారు పట్టుపంచె కట్టి, పైపు తుడిచి సిద్ధంగా ఉన్నారు. పైడమ్మ పమిట కప్పుకుంటూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"ఇదేమిటి నాయుడూ! నీ వీరుడు మన పైడమ్మా?" అని రాజుగారు ఫక్కున నవ్వారు. కొలువూ నవ్వింది.

నాయుడు డబ్బాలోంచి చిటికెడు ఆకు తీసి ఆమె చేతిలో పోశాడు. ఆమె ఓ చుట్టాకులో పెట్టి చుట్టి, వెలిగించి, నిప్పు కొస లోపలికి పెట్టి మూతి మూసింది. రాజుగారు పైపు వెలిగించారు. అలవాటు కొద్దీ బుగ్గలు లొట్టలు పడేలా ఒకటి లాగారు, రెండు లాగారు. మూడోది లాగబోతుంటే గుమ్మం దగ్గర్నుంచి గట్టిగా ఓ కేక వినబడింది.

"బాబూ! అలా లాగీకు! నాలుక బొబ్బలెక్కుద్ది!"

పోటీ సంగతీ, కొలువు సంగతీ ఆమెకి పట్టలేదు. గబగబా నడిచొచ్చి గద్దె పక్కన కూలబడింది. నోట్లో నిప్పు అలాగే ఉంది, మాట మాత్రం స్పష్టంగా వస్తోంది.

"సిన్నగా. నిప్పుకి తెలీకండా పీల్సాల. ఊపిరి తీసినట్టు. ఆరిపోద్దేమో అనిపించేటంత సిన్నగా. ఊఁ, అలాగ. ఇప్పుడాగు. నోట్లో ఉంచుకో. ఇడిసేయ్."

ఒకప్పుడు ముద్ద మింగమంటే మింగినట్టే, రాజుగారు చెప్పింది చెప్పినట్టు చేశారు. పైపు వేడెక్కలేదు. పొగ సన్నగా, నీలంగా లేచింది. ఆయన ముఖంలో నవ్వు పోయింది. ఇంకోసారి పీల్చారు. కళ్లు తెరిచే ఉన్నాయి, ఈసారి మూసుకోలేదు.

"ప్రభూ, ఎండుగడ్డి వచ్చిందా?" అన్నాడు ముందువరస పెద్దమనిషి.

"ఉండవయ్యా" అన్నారు రాజుగారు మెల్లగా. "గడ్డీ కాదు, అత్తిపండూ కాదు. ముసురు పట్టిన రోజు వంటిల్లు ఇది. తడికట్టెలు పొయ్యిలో పెడితే పొగ కమ్ముకునేది. పొయ్యి పక్కన బెల్లం కుండ. పైడమ్మ ఒళ్లో కూచుంటే ఆమె కోకంతా ఇదే వాసన. దీని కోసం నేను చెన్నపట్నం దాకా పోయానా?"

పైడమ్మ తల వంచుకుని పమిట కొంగు కళ్లకి అద్దుకుంది.

"ఆకలేస్తోంది" అన్నారు రాజుగారు, చిన్నపిల్లాడిలా.

విస్తరి చావడిలోకే వచ్చింది. పప్పుచారూ, అరటికాయ వేపుడూ. రాజుగారు ఒక ముద్ద తిన్నారు. రెండో ముద్ద కలుపుతూ ఆగిపోయారు. పైడమ్మ మూడు వేళ్లు పమిటలో దాచుకుని ఎదురుచూస్తోంది.

"ఉప్పు సరిపోయింది" అన్నారు చివరికి. "ఎప్పట్లాగే ఉంది. ఈ చేతినా నేను పాడైందన్నది?" ఆ ముద్ద మింగి, ఎడమచేతిలో పైపు ఇంకా సన్నగా పొగ చిమ్ముతుండగానే నాయుడి వైపు తిరిగారు. "ఏమయ్యా, ఆ ఏడు రోజుల నియమం నీకు ఏ దొర చెప్పాడు?"

"దొరలెవరూ కాదు ప్రభూ. గంజి తాగి నాలుక కాల్చుకున్న పసివాళ్లకి పైడమ్మ పెట్టే పథ్యం అది. చిత్రం చూశారా, నిప్పు నోట్లోనే పెట్టుకున్న మనిషి నాలుక కాలలేదు. నిప్పుని జానెడు దూరంలో పట్టుకున్న తమ నాలుకేమో మిరపకాయని చిక్కుడుకాయ చేసింది."

రాజుగారి మీసం ముందు అదిరింది, తర్వాత భుజాలు కదిలాయి, ఆపైన పొట్ట. నవ్వి నవ్వి ఆయన చేతిలో పైపు ఆరిపోయింది.

"ఓడిపోయాను! నాయుడూ, నీ కోరికేమిటో నేనే చెప్తాను. బట్లరు దిగగానే దారిఖర్చులిచ్చి తిప్పి పంపించండి. పైడమ్మ మూట విప్పించండి. ఈ శాలువా నువ్వు కప్పుకో. ఆ జ్యోతిష్కుణ్ణి స్తంభం వెనకాల నుంచి ఇవతలికి రమ్మనండి, ఆయన ఒక్కడే నిజం చెప్పాడు!"

తర్వాత ఆయనే లేచి, మిగిలిన ఇంగిలీషు డబ్బా తెచ్చి పైడమ్మ చేతిలో పెట్టారు.

"ఇంతకీ పోటీలో గెలిచిన నాలుక నీది. నువ్వు చెప్పనే లేదు. ఎలా ఉందే మా దొరల ఆకు?"

పైడమ్మ నోట్లోంచి చుట్ట తీసింది. నిప్పు ఇంకా ఎర్రగానే ఉంది. కాసేపు పెదాలు చప్పరించి, నిజం చెప్పాలా వద్దా అని బాబు ముఖంలోకి చూసి, ఇక ఆగలేక చెప్పేసింది.

"బాగానే ఉంది బాబూ. ఉప్పే కాస్త తక్కువైనాది."