బెల్లం పెనం దగ్గర పైడయ్య పెత్తనం

ఇది చాలా చిన్న కథ. పొయ్యి మీద పాలు పెట్టుకుని వింటే, అవి పొంగేలోపు అయిపోతుంది. కాకపోతే ముందుగా గుమ్మడి వారి తెలివి గురించి ఒక్క మాట చెప్పుకోవాలి. వాళ్ళు రోజూ చెప్పుకుంటారు, మనం చెప్పకపోతే బాగుండదు. వాళ్ళ తాత వానలో తడవకూడదని, మబ్బు పట్టగానే ఏట్లో మునిగి కూర్చునేవాడట. వాళ్ళ నాన్న పిల్లి తాగేస్తుందని పాలన్నీ ముందే తాగేసి, ఖాళీ గిన్నెకి పిల్లినే కాపలా పెట్టేవాడట. ఈ మాట వింటే ఎదురింటి సూరమ్మ పడీపడీ నవ్వుతుంది. సూరమ్మ నవ్వాలి మరి. మేకపిల్ల పోయిందని ఊరంతా తిరిగి, "ఎలా ఉంటుందమ్మా?" అని అడిగితే చంకలో ఉన్నదాన్ని చూపించి, "అచ్చం ఇలాగే" అన్న మనిషి. సరే, ఆవిడ గొడవ మనకెందుకు?

గుమ్మడి వారికి ఏటి ఒడ్డున చెరుకుతోట, తోటలో బెల్లం వండుకునే పాక ఉన్నాయి. వంట రోజున ఎవరి పని వాళ్ళదే. పెద్దకొడుకు పైడయ్య భార్య కన్నమ్మది పెనం. చిన్నవాడు సత్తెయ్య ఎద్దుల్ని కట్టి గానుగ తిప్పుతాడు. నడిమివాడు ఎర్నాయుడు పొయ్యి ముట్టిస్తాడు. వీళ్ళందరి చేతా పని మొదలుపెట్టించడం పైడయ్య వంతు. చేత్తో చేసేది ఏమీ లేదు, నోటితో చెప్పడమే. అందుకే పైడయ్యకి ఆ పనంటే ప్రాణం.

కానీ నిరుడు మొదటి రోజునే తువ్వాలు ఊపి, "మొదలెట్టండ్రా!" అని ఒక్క అరుపు అరిచాడు. అంతే. అందరూ ఒక్కసారే మొదలెట్టారు. రసం రాకముందే మంట లేచింది, ఖాళీ పెనం మాడి చిల్లు పడింది. అప్పుడు తల్లి అప్పాయమ్మ తేల్చి చెప్పింది.

"ఒరే పైడా, వచ్చే ఏడు కూడా వంట పాడయిందో, ఈ పెత్తనం నీ పెళ్ళానికి ఇచ్చేస్తాను."

అప్పటినుంచి పైడయ్యకి నిద్ర లేదు. ఈ ఏడు చెరుకు కొట్టగానే మేనమామ దాలినాయుడి దగ్గరికి పరిగెత్తాడు. ఆయన నాలుగూళ్ళలో బెల్లం వండించినవాడు.

"ఒరే అల్లుడూ, అందరికీ కలిపి అరవకు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పు. మొదటివాడు సిద్ధం అన్నాకే రెండోవాడి దగ్గరికి వెళ్ళు. ముందు పెనం, తర్వాత గానుగ, ఆఖర్న పొయ్యి" అన్నాడు దాలినాయుడు.

"మనిషి ఆ చోట లేకపోతేనో మావా?"

"అక్కడో కుండ పెట్టుకో. నీ మాట అందులో వేసి ఉంచు, వచ్చాక చూసుకుంటాడు."

చెరుకు ముక్కో, గులకరాయో గుర్తుగా వేస్తాడులే అనుకున్నాడు పాపం ఆయన.

"పిలిస్తే పలక్కపోతే?"

"పడిపోయాడనుకో. వాడి చోట ఇంకొకర్ని పెట్టు. ఆపేటప్పుడు మాత్రం చివరివాడితో మొదలెట్టి వెనక్కి రా. చెప్పి ఆపించు."

ఇంకేముంది! పైడయ్య ఆ మాటలన్నీ వల్లించుకుంటూ ఇంటికొచ్చి, అందరి చేతా వల్లె వేయించాడు.

తెల్లారగానే కన్నమ్మ చెవిలో నోరు పెట్టి, "మొదలెట్టు" అన్నాడు. విడిగా చెప్పమన్నారు కదా.

కన్నమ్మ పెనం తోమి పొయ్యి మీద పెట్టింది.

"సిద్ధమా?"

"రసం లేకుండా సిద్ధమెలా అవుతుందయ్యా? పొద్దున్నే నా చేత అబద్ధం ఆడిస్తావేటి?"

న్యాయమే అనిపించింది పైడయ్యకి. సత్తెయ్య దగ్గరికి వెళ్ళి, "గానుగ తిప్పరా" అన్నాడు.

"పెనం సిద్ధమందా?"

"రసం వస్తేనే అంటుందట."

"పెనం సిద్ధమంటేనే నేను తిప్పాలి. మావయ్య మాట కాదంటావా అన్నా?"

అదీ న్యాయమే. పైడయ్య పెనానికీ గానుగకీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు. ఎండ ఎక్కింది. కొట్టిన చెరుకు వాడిపోతోంది. మంచం మీద కూర్చున్న అప్పాయమ్మ కేకేసింది.

"ఏట్రా, ఎంతవరకు వచ్చింది?"

"అంతా పద్ధతిగా ఉందమ్మా! పనే జరగట్లేదు గానీ, పద్ధతి మాత్రం ఎక్కడా తప్పలేదు."

చివరికి కన్నమ్మకి విసుగొచ్చి, తాగడానికి తెచ్చుకున్న చెంబుడు నీళ్ళు పెనంలో కుమ్మరించింది. "ఏదో ఒకటి ఉంది కదా, సిద్ధం!" అంది. అంతే, గానుగ కదిలింది. రసం పారింది, పెనం నిండింది. పైడయ్య గుండె కుదుటపడింది. ఇక పొయ్యే తరువాయి.

చూస్తే పొయ్యి దగ్గర ఎర్నాయుడు లేడు, తోటలోకి పోయాడు. పైడయ్య కుండ తెచ్చి, అందులో మూతి పెట్టి, "పొయ్యి ముట్టించు" అన్నాడు. మాట జారిపోకుండా మూత పెట్టి, గుడ్డ కట్టాడు.

ఎర్నాయుడు చెరుకు నములుతూ వచ్చాడు. గుడ్డ విప్పి, మూత తీసి, చెవి పెట్టాడు.

"ఇందులో ఏమీ లేదన్నా."

"గట్టిగానే అన్నాన్రా! నువ్వు మూత ఒక్కసారిగా తీసేసుంటావు. ఎగిరిపోయి ఉంటుంది."

"ఇందాక నా చెవి పక్కనుంచి గాలి కొట్టింది. అదేనంటావా?"

"అదే మరి! ఈసారి తల లోపలే పెట్టుకుని ఉండు, ఎటూ పోదు."

ఎర్నాయుడు కుండలో తల దూర్చాడు. దూరింది, రాలేదు. పైగా నోటినిండా చెరుకు పిప్పి. పైడయ్య "ఎర్నాయుడూ" అని పిలిచాడు. పలుకు లేదు. ఇంకోసారి పిలిచాడు. కుండలోంచి "ఊఁ ఊఁ" అని వినబడింది గానీ, అది మాట కాదు కదా.

"అమ్మా! తమ్ముడు పలకట్లేదు, పడిపోయాడు!"

"నిలబడే ఉన్నాడు కదరా?"

"నిలబడే పడిపోయాడమ్మా. పలక్కపోతే పడిపోయినట్టేనన్నాడు మావ."

ఇంకేముంది, అప్పాయమ్మ గుండెలు బాదుకుంది. కన్నమ్మ శోకాలు పెట్టింది. తను పోయిన సంగతి కుండలో ఎర్నాయుడికీ తెలిసింది. వాడు కూలబడి కుండలోనే ఏడ్చాడు.

ఏడుపు మధ్యలో సత్తెయ్యకి గుర్తొచ్చింది. "అన్నా, మనకి మైల వచ్చింది కదా. తినేవేవీ ముట్టుకోకూడదు. ఈ రసం వండేదెవరు?"

పైడయ్య పెనంలోకి తొంగి చూశాడు. కాసేపాగితే రసం పులుస్తుంది. పులిస్తే పెత్తనం పోతుంది. అంతలో ఏడ్చిఏడ్చి ఎర్నాయుడు లేవబోయాడు, కుండ వెళ్ళి పాక స్తంభానికి కొట్టుకుంది. పెంకులు రాలాయి, ముఖం బయటపడింది.

"ఎవరు బాబూ నువ్వు?" అన్నాడు పైడయ్య.

పిప్పి ఉమ్మేసి, "ఎర్నాయుణ్ణి" అన్నాడు వాడు.

"ఎర్నాయుడు ఇందాకే పోయాడు. నువ్వూ విన్నావు కదా?"

"విన్నాను. మరి నేనెవర్ని?"

"నువ్వు కొత్తవాడివి. వాడి చోట ఇంకొకర్ని పెట్టాలి. చేస్తావా?"

ఎర్నాయుడు ఆలోచించాడు. "భోజనం పెడతారా?"

"పెడతాం."

అప్పాయమ్మ కళ్ళు తుడుచుకుని, "చూడ్డానికి మావాడిలాగే ఉన్నాడు. వాడికంటే కాస్త తెలివైనవాడిలా ఉన్నాడు" అంది.

కొత్తవాడికి మైల లేదు. పొయ్యి వాడే ముట్టించాడు, తెడ్డు వాడే తిప్పాడు, ఎద్దుల్నీ వాడే తోలాడు. పైడయ్య ఒక్కొక్కటీ చెవిలో చెప్పడం, వాడు "సిద్ధం" అనడం. పాకం బంగారంలా తిరిగింది. ఆ వాసనకి సూరమ్మ కూడా వచ్చి నిలబడింది, ముద్ద పెట్టకపోతారా అని. కొత్తవాడు పాకం దించి దిమ్మలు పోశాడు. అలాంటి బెల్లం ఆ పాకలో ఎప్పుడూ రాలేదు.

ఇక ఆపడం. పైడయ్య పద్ధతి తప్పలేదు. ముందు పొయ్యి ఆపించాడు. తర్వాత గానుగ. తర్వాత పెనం. వెనక్కి, వెనక్కి వచ్చాడు. ఇంకొక్కడు మిగిలాడు. అందరికంటే ముందు మొదలైనవాడు తనే కదా! పైడయ్య తన గుండె మీద తనే తట్టుకుని, "పైడయ్యా, ఇక ఆపు" అన్నాడు. ఆపేశాడు. తువ్వాలు భుజాన, చెయ్యి గాల్లో, అలా నిలబడిపోయాడు.

సరిగ్గా అప్పుడే అప్పాయమ్మ ముద్ద నోట్లో వేసుకుని మురిసిపోయింది.

"ఒరే పైడా! పెత్తనం ఇక నీదేరా!"

పైడయ్య విన్నాడు. సంతోషంతో కళ్ళు తిరిగాయి. కానీ ఎలా పలుకుతాడు? ఆపేశాడు కదా. మళ్ళీ మొదలెట్టమని చెప్పేవాడు రావాలి, ఆ చెప్పేవాడేమో తనే.

"పైడా? ఒరే పైడా?"

పలుకు లేదు. అంతే.

కన్నమ్మ ఏడుద్దామని కూర్చుంది గానీ, మొదలెట్టమనేవాడే పోయాడు కదా, అలాగే కూర్చుంది. పైడయ్య చోట ఎవర్నో ఒకర్ని పెట్టాలి. అయినవాళ్ళందరికీ మైల. అప్పాయమ్మ చుట్టూ చూసి, పెత్తనం కొత్తవాడికి ఇచ్చింది.

కొత్తవాడు ముందుగా నిలబడి ఉన్న మనిషి దగ్గరికి వెళ్ళాడు. "పొయ్యి దగ్గర చోటు ఖాళీగా ఉంది, చేస్తావా?" అని చెవిలో అడిగాడు.

"భోజనం పెడతారా?" అన్నాడు పైడయ్య.

పెద్దకార్యం ఇద్దరికీ కలిపి చేశారు. ఊరంతా వచ్చింది. వడ్డన వాళ్ళిద్దరే చేశారు.