ఏనుగు ముందు బంటు

"రెండో యువరాజు కూడా రాయైపోయాడహో!" అని వీధి చివర కేక వినపడింది. నానబెట్టిన పెసలు నోట్లో పెట్టుకున్నవాళ్లు నమలడం మానేసి ఏడ్చారు.

పెసలెందుకంటారా? చెప్తాను, కంగారెందుకర్రా! ఆ ఊరి రాజుగారికి ముగ్గురు కొడుకులు. బూదిగడ్డం మాంత్రికుడొకడు వచ్చి కోట ముందు చదరంగం పరిచాడు. "నన్ను గెలిచేదాకా మీ ఊళ్లో పొయ్యి రాజదు. ఓడినవాడు రాతిబంటు" అన్నాడు. అంతే! నలభై రోజులుగా ఏ ఇంట్లోనూ నిప్పు లేదు. చంటిపిల్లలకు గంజి కూడా లేదు.

ఆటేమో గడువు పెట్టిన ఆట. ఇద్దరికీ చెరో చిల్లుముంత నిండా నీళ్లు. వంతు వచ్చినవాడి ముంతకు బిరడా తీస్తారు. వాడు ఎత్తు పైకి చెప్పి వేయగానే మళ్లీ పెడతారు. ముంత ఖాళీ అయితే ఓటమే.

మాంత్రికుడి ప్రాణం భుజం మీది చిలకలో ఉంది. తెలివీ అందులోనే ఉంది.

"రాజు ముందు బంటు!" అన్నాడు పెద్దవాడు. చిలక ఖళ్ ఖళ్ అని దగ్గి ఎత్తుకు ఎత్తు జవాబు చెప్పింది. పెద్దవాడు రాయి. "మంత్రి ముందు బంటు!" అన్నాడు రెండోవాడు. చిలక దగ్గింది. రెండోవాడు రాయి.

మూడోవాడు దీపసేనుడు లేచాడు.

"ఒక్కడివే మిగిలావు, వెళ్లకు నాయనా" అంది రాణి.

"వెళ్లకపోతే మాత్రం ఎవరు మిగులుతారమ్మా?"

చదరంగం ముందు కూర్చుంటే మోకాలి పక్కనే ఇద్దరన్నలూ రాళ్లై ఉన్నారు. అప్పుడు చిలక "ఖళ్ ఖళ్, ఊఁ, కానీ" అంది. ఆ దగ్గు తనకు చదరంగం నేర్పిన శరభయ్య పంతులుగారిది! పోయినేడు ఆయన అరుగు మీంచి ఎగిరిపోయిన చిలకే ఇది. అరుగు మీద వల్లించినవన్నీ దీనికి వచ్చు.

మరి అక్కడ వల్లించనిది? ఒక్కటే. అది ఆడినందుకే దీపసేనుణ్ణి పంతులుగారు గెంటేశారు.

"ఏనుగు ముందు బంటు, ఒక్క ఇల్లు!"

చిలక దగ్గింది. మళ్లీ దగ్గింది. ముంతలో నీళ్లు చుక్కచుక్కగా కారుతున్నాయి.

"చెప్పవే!" అని మాంత్రికుడు అరిచాడు. పాపం, వాడికి గుర్రం నడకైనా రాదు.

"ఛీ, గాడిదా! అరుగు దిగు!" అంది చిలక, అచ్చం పంతులుగారిలా.

ఆఖరి చుక్క రాలింది. మాంత్రికుడు గడ్డంతో సహా రాతిబంటైపోయాడు. అన్నలిద్దరూ ఒళ్లు విరుచుకుని లేచారు. ఊళ్లో పొయ్యిలన్నీ భగ్గుమన్నాయి.

పెళ్లీ పట్టాభిషేకమూ అంటారా? జరిగాయి, జరిగాయి. ముందు అన్నం ఉడకాలిగా! కోట ముంగిట్లో ఊరంతటికీ ఆకులు వేశారు. పంతులుగారు తల వంచుకుని చివర నిలబడ్డారు.

"ఇలా రండి పంతులుగారూ, నా పక్కన" అన్నాడు దీపసేనుడు.

అందరూ కూర్చున్నారు. మొదటి ముద్దకే నోళ్లు చురుక్కున కాలాయి. నలభై రోజుల తర్వాత నోరు కాలినందుకు ఊరు ఊరంతా కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.