దుర్భిణికి కట్టిన వెల

తుఫాను మబ్బును దూరం నుంచే పసిగట్టలేక ఆ ఏడు చింతాడ రేవులో రెండు పడవలు మునిగాయి. మూడోది మునగకూడదని పడవలు నడిపే నూకాలమ్మ పట్టుబట్టింది. దుర్భిణి తమ రాజ్యంలో ఇరవై వరహాలు. పొరుగు రాజ్యంలో, నాణేలు మార్చుకున్నా ఆరే. మూడు రోజులు నడిచివెళ్ళి కొనుక్కొచ్చింది.

సరిహద్దులో సుంకాధికారి భైరవరాజు ఆపాడు.

"వెలలో సగం సుంకం. ఇక్కడ దీని వెల ఇరవై. పది వరహాలు కట్టు."

"నేను కొన్నది ఆరుకే కదయ్యా! ఇదిగో చీటీ."

"పరదేశపు చీటీ ఎవడిక్కావాలి? నేను కట్టిందే వెల!"

ఆమె దగ్గర మూడు వరహాలే ఉన్నాయి. అయినా కదల్లేదు. వెనక వర్తకులంతా చూస్తున్నారు.

"సరే అయ్యగారూ, తమరన్నదే వెల. దుర్భిణి తమరే ఉంచుకోండి. అందులో సగం మీ సుంకం. నా సగానికి పది వరహాలు ఇప్పించండి."

భైరవరాజు ఉలిక్కిపడ్డాడు. "ఈ గొట్టానికి పది వరహాలివ్వాలా? అవతలి రాజ్యంలో కొత్తదే ఆరుకు దొరుకుతుంటే!"

"ఆ ఆరే రాసుకోండి బాబూ," అంటూ నూకాలమ్మ మూడు వరహాలు బల్లమీద పెట్టింది.

వర్తకులు గొల్లున నవ్వారు. అందరూ విన్న మాట కాదనలేక అతను ఆరే రాశాడు.

ఆ వానాకాలం చింతాడ పడవలన్నీ క్షేమంగా ఒడ్డు చేరాయి.