దుప్పి చుట్టిన చుట్లు

"స్వామీ, నేను మీకు కానివాణ్ణయ్యానా?" అని ఓబులేసు అడిగేసరికే మూట కట్టేసి ఉంది. చంకన పెట్టుకోవడమే తరువాయి.

మామూలు శిష్యుడా ఓబులేసు! నల్లమలలోని కంబయ్య స్వామి ఆశ్రమానికి ఏడు కడవల నీళ్లు ఒక్క కావడిలో మోసుకొచ్చి, ఎనిమిదోది లేదేమని ఏటిని నిలదీసిన ఘనుడు. ఎదురొచ్చిన ఎలుగుబంటి చెవి మెలిపెట్టి, "పెద్దలు వస్తుంటే తప్పుకోవద్దూ?" అని మందలించాడు. అది క్షమాపణ చెప్పుకుందని కూడా అంటారు. అక్కడ మాత్రం కాస్త అనుమానమే. ఇక రాత్రిపూట అతని గుడిసె చుట్టూ జాడలు వేసిపోయే ముళ్లపందిని లోపలి నుంచే ఎన్నిసార్లు గాండ్రించి తరిమాడో లెక్కలేదు.

మొదటి ఏడాది కంబయ్య స్వామి ఒక్కసారి "భేష్" అన్నాడు. ఆ మాటను ఓబులేసు నలభై రోజులు ఊరూరా మోసుకు తిరిగాడు. అంతే, మూడేళ్లుగా స్వామి అతన్ని పలకరించిన పాపాన పోలేదు. అందరి వీపూ తట్టేవాడు, ఇతను రాగానే కళ్లు మూసుకునేవాడు.

స్వామి ఇప్పుడూ అతని వైపు చూడకుండానే, "ఎదుటి వాలులో దుప్పి ఈనింది. పొద్దు వాలేదాకా తల్లి ఎటెటు తిరుగుతుందో చూసి, ఆనక పో. పిల్లను ముట్టుకోకు," అని ఎడమకాలు ఈడ్చుకుంటూ లోపలికి నడిచాడు.

ఓబులేసు చెట్టెక్కాడు. రెప్ప వేస్తే ఒట్టు! కింద గడ్డిలో పిల్ల ముడుచుకుని ఉంది. తల్లి దాని మొహమైనా చూడదే! ఏటి ఒడ్డున మేసింది, గుట్టెక్కింది, ఉసిరిచెట్ల కింద నిలబడింది, మళ్లీ ఏటికే వచ్చింది.

"ఓసి పాపిష్టిదానా! నీకూ మా స్వామికీ ఏ జన్మ చుట్టరికమే?" అని పళ్లు నూరాడు.

మిట్టమధ్యాహ్నం నక్క వచ్చింది. తల్లి వాసన పట్టి, ఏటి నుంచి గుట్టకూ, గుట్ట నుంచి ఉసిరిచెట్లకూ తిరిగి తిరిగి, నాలుక వేలాడేసుకుని పోయింది. పిల్ల ఉన్న వైపు తల్లి జాడే లేదు మరి. పొద్దు వాలాక దుప్పి వచ్చి పిల్లకు పాలిచ్చింది, ఒళ్లంతా నాకింది, మళ్లీ దూరం జరిగింది. అప్పుడు వెలిగింది ఓబులేసుకు. అది రోజంతా నడిచింది, పిల్ల అరిస్తే వినపడేంత దూరంలోనే. గడ్డి చుట్టూ చుట్లే చుట్లు.

మూట తీసుకుందామని గుడిసెకు వచ్చాడు. వాకిట్లో దుమ్ము మీద ముళ్లపంది జాడ. వంగి చూశాడు. మనిషి కుడిపాదం, పక్కన ఈడ్చిన గీత. ఒక పాదం, ఒక గీత. గుడిసె చుట్టూ గుండ్రంగా, పాత జాడ మీద కొత్త జాడ.

పరుగెత్తి స్వామి ముందు నిలబడ్డాడు. "నక్క... నక్క వచ్చింది స్వామీ."

"ఎంతుందేం?"

"దూడంత..." అని చేతులు చాచినవాడు, మెల్లగా దించేసుకున్నాడు. "నక్కంతే ఉంది స్వామీ."

కంబయ్య స్వామి అతని వీపు మీద చెయ్యి వేశాడు.

"మూట విప్పు నాయనా. పిల్లకు కాళ్లు గట్టిపడుతున్నాయి."