రేవు నీళ్లకు నక్క పూచీ

సముద్రం ఒడ్డున చేపలు ఎండబెట్టుకుని బతికే మరిడమ్మ ఇంటి అరుగు మీద ఒక గాజుతొట్టి ఉండేది. అందులో రెండు శంఖుపీతలు, మొగుడూ పెళ్లామూ, ఎవరి శంఖం వాళ్లు వీపున మోసుకుంటూ కాపురం చేస్తున్నాయి. చెల్లెలి కూతురి పెళ్లికి పోతూ మరిడమ్మ వాటి నీళ్ల పని గూడబాతుకు అప్పజెప్పింది. పోటు వేళ రాళ్ల అవతలికి పోయి సముద్రపు నీళ్లు ముక్కుసంచిలో నింపుకు రావాలి, కుండలో తేరనివ్వాలి, పైతేట మాత్రమే తొట్టిలోని మూకుడులో పొయ్యాలి.

గూడబాతు మంచిదే. కాని తెల్లనివన్నీ పాలు, నల్లనివన్నీ నీళ్లు అనుకునే రకం.

చచ్చిన పీతల్ని ఎలాగూ పెంట మీద పారేస్తారని కంచె దగ్గరి నక్కకు తెలుసు. దారిలో కాపు వేసి బాతును పలకరించింది.

"బాతక్కా, నీ రెక్కల కష్టం చూస్తే జాలేస్తోంది. పడవల రేవులో ఉన్నవి మాత్రం సముద్రపు నీళ్లు కావా? నాలుక మీద వేసి చూడు, ఉప్పే కదా. నాది పూచీ."

బాతు చూసింది. ఉప్పే. ఇంజను నూనె కారే రేవులో సంచి నింపుకొచ్చి, తేరనివ్వకుండానే మూకుడులో పోసేసింది.

అవతల పీత పెళ్లాం కుబుసం విడవడానికి తొట్టి అడుగు ఇసుకలోకి దిగి చాలా రోజులైంది. ఆ మధ్యాహ్నమే ఇసుక కదిలింది. మెత్తటి ఒంటితో, ఎండిన గొంతుతో పైకొచ్చి ముందు మూకుడు మీదే పడుతుంది. మొగుడు ఆత్రంగా వెళ్లి నీళ్లు చూశాడు. పైన నెమలి మెడలా రంగులు తేలుతున్నాయి. మూకుడు ఒంపేద్దామంటే అది వాడికి పదింతలు.

ఇసుక బీటలిచ్చింది. ఒక మీసం బయటికొచ్చింది. వాడు వీపు మీది శంఖాన్ని ఆ కన్నానికి అడ్డం పెట్టి కూర్చున్నాడు. లోపలి నుంచి తిట్లు మొదలయ్యాయి. దాహంతో ఉన్నవాళ్లకు మంచి మాట చెవికెక్కదని వాడు శంఖాన్ని ఇంకా గట్టిగా అదిమాడు. కంచె మీదుగా తొంగి చూస్తూ నక్క పెదాలు నాకుతోంది.

ఈ నీళ్లెక్కడివని వాడు బాతును అడిగాడు. రేవువని, నక్క పూచీ పడిందని అది గర్వంగా చెప్పింది.

"అయితే నక్క బావా, మా పేట కట్టుబాటు నీకు తెలిసిందేగా," అన్నాడు పీత. "పడవలో నీళ్లకుండకు పూచీ పడ్డవాడిదే మొదటి గుక్క. రా."

"ఉప్పునీళ్లు నా ఒంటికి పడవులే."

"తాగొద్దు. బాతక్క చేత చేయించావే, అలాగే నాలుక ముంచి చూపించు చాలు."

నక్క ఒకడుగు వెనక్కి వేసింది. ఆ అడుగును బాతు చూసింది. ఆలస్యంగానైనా బుర్ర వెలిగింది.

"నా నోటితో విషం మోయించావా?" అంటూ మూకుడులోదంతా సంచిలోకి తోడి, కంచె మీదుగా నక్క నెత్తిన కుమ్మరించింది. తర్వాత మూకుడు కడిగి, రాళ్ల అవతలికి ఎగిరింది.

కొత్త నీళ్లు కుండలో తేరేదాకా పీత కదల్లేదు, తిట్లూ ఆగలేదు. మూకుడు నిండాక ముందు తన కాలొకటి ముంచి చూసుకుని, అప్పుడు అడ్డు తీశాడు. పెళ్లాం కడుపారా తాగి, ఇంత ఆలస్యమేమిటని మళ్లీ తిట్టింది. వాడికి ఆ తిట్లు హాయిగా ఉన్నాయి.

నక్క మాత్రం ఇంకా పెంట పక్కనే కూర్చుని ఉంది. ఒళ్లు నాకితే కడుపుకు చేటు, నాకకపోతే కంపు.

నీతి: తాను గుటక వేయని నీళ్లకు పూచీ పడేవాణ్ణి నమ్మితే, గొంతు తడిసేలోగా ప్రాణం పోతుంది.