ఒక్క పన్ను తేడా

అనగనగా ఒక కనుమ. ఆ కనుమ అడుగున ఒక ఊరు. ఊరు దాటాక, కొండ ఎక్కే రోడ్డు మొదలయ్యే చోట ఒక రేకుల షెడ్డు.

కనుమకు ఏడు మలుపులు. ఆరు మలుపుల దాకా రోడ్డు పక్కన పిట్టగోడ ఉండేది. ఏడో మలుపు దగ్గర మాత్రం గోడ నిలిచేది కాదు. ఎన్నిసార్లు కట్టినా ఆ ఏటి వానలకే లోయలోకి జారిపోయేది. మబ్బు దిగిన రోజుల్లో ఆ లోయలోంచి ఇంజన్ల చప్పుడు వినిపిస్తుందని కట్టెలకు పోయినవాళ్ళు చెప్పేవాళ్ళు. అక్కడ రోడ్డు లేదు. బండి పోయే వీలే లేదు. అయినా చప్పుడు వినిపించేది.

రేకుల షెడ్డు ఓబులేసుది. కార్లు బాగుచేయడం అతని పని. బానెట్ ఎత్తకముందే, చెవి ఒగ్గి విని రోగం చెప్పేవాడు. మాట తక్కువ. నవ్వు ఇంకా తక్కువ. పని మాత్రం చక్కగా చేసేవాడు.

ఒకనాడు తెల్లవారగానే సలోమి సిస్టరు తన చిన్న కారు తీసుకుని షెడ్డుకు వచ్చింది. కొండమీది గూడేల్లో పురుళ్ళు పోసే నర్సమ్మ ఆమె. ఇరవై ఏళ్ళుగా ఆ ఏడు మలుపులూ ఎక్కి దిగుతోంది.

కారు గరగరమంటోంది. ఇనప డబ్బాలో గులకరాళ్ళు పోసి ఆడించినట్టుంది ఆ చప్పుడు.

"నువ్వు తెప్పిస్తానన్న చైను వచ్చిందా, ఓబులేసూ?"

"రాత్రి బస్సుకు వచ్చింది సిస్టరమ్మా. సాయంత్రానికల్లా బండి ఇస్తాను."

"సాయంత్రం దాటనీయకు నాయనా. పైగూడెంలో ఈదమ్మకు నెలలు నిండాయి. ఇవాళో రేపో అన్నట్టుంది. కిందటి కాన్పులో ఆ పిల్ల చావు తప్పి బయటపడింది."

"అసలు ఈ చైను పనేమిటి?" అని కూడా అడిగింది ఆమె. ఓబులేసు రెండు పిడికిళ్ళు ఒకదానిమీద ఒకటి పట్టి చూపించాడు.

"ఇంజన్లో కింద ఒక పళ్ళచక్రం, పైన ఒక పళ్ళచక్రం ఉంటాయమ్మా. రెంటినీ కలిపి తిప్పేది ఈ చైను. కిందిది రెండు చుట్లు తిరిగితే పైది సరిగ్గా ఒక్క చుట్టు తిరగాలి. చైను సాగి, పళ్ళు జారాయంటే లోపలివి ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. బండి ఉన్నచోటే ఆగిపోతుంది."

"ఏడో మలుపులో ఆగిపోతే?"

ఓబులేసు స్పానర్ అందుకున్నాడు. ఆమె కారు తాళం అతని పక్కన పెట్టింది. నడుచుకుంటూ ఊళ్ళోకి వెళ్ళిపోయింది.

ఓబులేసు పని మొదలుపెట్టాడు. పైమూత విప్పాడు. ముందుమూత విప్పాడు. లోపల పాత చైను వేలాడుతూ కనిపించింది, ముసలి ఎద్దు మెడ కింద తోలులాగా.

మిట్టమధ్యాహ్నం అయింది. ఎండ కాయాల్సిన వేళ. అలాంటి వేళ కొండమీది నుంచి మబ్బు దిగింది. రోడ్డు మీదుగా పాకుతూ వచ్చి షెడ్డు గుమ్మంలో ఆగింది. ఎదురుగా ఉన్న చింతచెట్టు కనబడలేదు. చెట్టుమీది కాకులు ఒక్కసారిగా నోరు మూశాయి.

ఆ మబ్బులోంచి ఒక మనిషి వచ్చాడు.

ఖాకీ చొక్కా, ఖాకీ ప్యాంటు. మబ్బులో నడిచి వచ్చాడు గానీ ఒంటిమీద చుక్క తడి లేదు. వచ్చి, పాత టైరుమీద కూర్చున్నాడు. టైరు కొంచెం కూడా అణగలేదు.

"పని చేసుకో మేస్త్రీ. ఊరికే చూసిపోదామని వచ్చాను" అన్నాడు.

దారినపోయేవాళ్ళు షెడ్డులో కూర్చోవడం మామూలే. ఓబులేసు తల ఊపి, పనిలో పడ్డాడు.

చైను పక్కనే ఒక ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది. చైను అటూ ఇటూ ఊగకుండా దానికి ఒరుసుకుంటూ పోతుంది. కొత్త చైనుతోపాటు కొత్త పట్టీ కూడా వచ్చింది. కానీ పాత పట్టీ బోల్టు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. స్పానర్ వేశాడు. కదల్లేదు. నూనె పోశాడు. కదల్లేదు. వేళ్ళ కణుపులు చెక్కుకుపోయి రక్తం వచ్చింది.

"పాత పట్టీనే ఉంచేయరాదూ" అన్నాడు ఖాకీ మనిషి. "ఇంకో ఏడాది మన్నుతుంది. మూత పెట్టేశాక ఎవరు చూస్తారు?"

మాట మెత్తగా ఉంది. అలసిన చేతులకు అలాంటి మాట తియ్యగానే ఉంటుంది. ఓబులేసు ఒక్క క్షణం స్పానర్ కింద పెట్టాడు. మళ్ళీ తీసుకున్నాడు. బోల్టు చుట్టూ వేడి చేసి, చల్లారనిచ్చి, మళ్ళీ వేడి చేసి తిప్పాడు. గంటసేపటికి బోల్టు కిర్రుమని ఊడివచ్చింది.

తల ఎత్తి చూస్తే టైరుమీద ఎవరూ లేరు. మబ్బు మాత్రం గుమ్మం దాటి రెండడుగులు లోపలికి వచ్చింది.

ఊడదీసిన పట్టీని ఓబులేసు వెలుతురులో పెట్టి చూశాడు. ఒక మూల విరిగిపోయి ఉంది. చిటికెన వేలి గోరంత ముక్క లేదు. ఎక్కడికి పోయింది? ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్‌లోకే పోయి ఉండాలి. అది తియ్యాలంటే ఆయిలంతా దించి, కారు కింద దూరి, చాంబర్ విప్పాలి.

"గోరంత ముక్క" అంది ఒక గొంతు.

ఖాకీ మనిషి ఈసారి కారుకు అవతలి పక్క నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో అలికిడి లేదు.

"గోరంత ముక్క కోసం కొండంత పని పెట్టుకుంటావా? ఆయిల్ అడుగున ఎవరు చూస్తారు?"

ఓబులేసు అతని మొహంలోకి చూశాడు. మామూలు మొహమే. కానీ తల తిప్పుకోగానే ఆ మొహం ఎలా ఉందో గుర్తుకు రాలేదు. మళ్ళీ చూశాడు. మళ్ళీ మరిచిపోయాడు.

గబగబా కారు కిందికి దూరాడు. ఆయిల్ దించాడు. చాంబర్ విప్పాడు. ముక్క కనిపించింది. ఆయిల్ పైకి పీల్చుకునే గొట్టం మూతి దగ్గర, జాలీకి కరుచుకుని ఉంది. ఇంకొన్నాళ్ళు పోతే ఇలాంటి ముక్కలే ఆ దారి మూసేసేవి. ఇంజన్ ఎండి, పట్టేసేది.

ముక్కను చేతిలో పట్టుకుని బయటికి వచ్చేసరికి షెడ్డు సగం మబ్బుతో నిండిపోయింది. మబ్బులో ఎవరో ఊపిరి పీలుస్తున్నట్టుంది. ఒకరు కాదు, చాలామంది.

ఓబులేసు గుండె దడదడలాడింది. ఆ దడలోనే కొత్త పట్టీ బిగించాడు. ఆ దడలోనే కొత్త చైను ఎక్కించాడు. గుర్తుగా రంగు వేసిన లింకులు చక్రాల మీది గీతలకు ఎదురుగా పెట్టాడు. చైనును బిగువుగా పట్టే స్ప్రింగుకు అడ్డంగా ఉన్న పిన్ను లాగాడు. ముందుమూత చేతిలోకి తీసుకున్నాడు.

అప్పుడే సలోమి సిస్టరు పరుగులాంటి నడకతో వచ్చింది. చెప్పు తెగి చేతిలో ఉంది.

"ఈదమ్మకు నొప్పులు మొదలయ్యాయట ఓబులేసూ! ఆమె మొగుడు అంకన్న ఫోన్ చేశాడు. ఎంతసేపట్లో ఇస్తావు?"

"మూత బిగించి, ఆయిల్ పోయాలి. గంటలో ఇచ్చేస్తానమ్మా."

మూత బిగించే ముందు చేత్తో ఇంజన్ను రెండు చుట్లు తిప్పి చూడటం అతని అలవాటు. స్పానర్ వేసి మెల్లగా తిప్పాడు. ఒక చుట్టు. రెండు చుట్లు. కిందిచక్రం గీత సరిగ్గా తన చోటికి వచ్చింది. పైచక్రం గీత రాలేదు.

ఒక్క పన్ను తేడా.

ఆ దడలో ఎక్కించాడు కదా, తప్పు పడింది. ఇప్పుడు మళ్ళీ చైను వదులు చేసి, తీసి, ఎక్కించాలి. ఇంకో గంట పని.

"ఒక్క పన్నే కదా" అంది గొంతు, ఈసారి చెవి పక్కనే. "ఒక్క పన్ను తేడాతో బండి నడుస్తుంది. నీకూ తెలుసు. అక్కడ ఆడమనిషి నొప్పులు పడుతోంది మేస్త్రీ. జాలి లేదా నీకు? మూత పెట్టెయ్యి. ఎవరు చూస్తారు?"

ఓబులేసు చెయ్యి మూతమీదికి పోయింది. నిజమే, బండి నడవవచ్చు. చదును రోడ్డుమీద నడవవచ్చు. ఆ తల్లి పేరు చెప్పి చేస్తే అది తప్పు కూడా కాదేమో. బోల్టు తీసి మూతకు పెట్టాడు. ఒక మర తిప్పాడు. రెండో మర తిప్పబోతూ ఎందుకో వెనక్కి తిరిగి చూశాడు.

ఖాకీ మనిషి వెనక మబ్బులో మనుషులు నిలబడి ఉన్నారు. వరసగా, చప్పుడు లేకుండా. ఒకామె చీరకు ఇంకా పసుపు మరకలున్నాయి. ఒక ముసలాయన ఒక్క కాలికే చెప్పు వేసుకుని ఉన్నాడు. అందరికన్నా ముందున్నవాణ్ణి ఓబులేసు గుర్తుపట్టాడు. మూడేళ్ళ కిందట ఏడో మలుపులో పడిపోయిన జీపు డ్రైవరు బాలచెన్నయ్య. పిడికిట్లో తాళంచెవి పట్టుకుని ఉన్నాడు.

"వీళ్ళు..." అన్నాడు ఓబులేసు.

"నా దగ్గరే ఉంటారు" అన్నాడు ఖాకీ మనిషి సంబరంగా. "వీళ్ళ బండ్లు బాగుచేసిన మేస్త్రీలంతా మంచివాళ్ళు. నా మాట విన్నారు. ఎవరూ చూడలేదు."

"నేను చూశాను" అన్నాడు ఓబులేసు.

"ఏం చూశావు?" అని అడిగింది సలోమి. ఆమెకు మబ్బు తప్ప మరేమీ కనబడటం లేదు.

ఓబులేసు బోల్టు వెనక్కి తిప్పి, మూత కింద పెట్టాడు. ఆమె వైపు తిరిగాడు. చెప్పడం కష్టమైంది. పాతికేళ్ళలో అలాంటి మాట ఎవరితోనూ అనలేదు.

"నేను తప్పు చేశానమ్మా. చైను ఒక్క పన్ను పక్కకు ఎక్కించాను. ఇలాగే ఇస్తే బండి కదులుతుంది. కనుమ ఎక్కేటప్పుడు మాత్రం పూచీ లేదు. సరిచేయాలంటే ఇంకో గంట పడుతుంది."

సలోమి కళ్ళు నిప్పులు కురిశాయి. "ఇంకో గంటా! అక్కడ ఆ పిల్ల..." అని ఆగింది. అతని మొహం చూసింది. అంత పాలిపోయిన మొహాన్ని ఆమె రోగుల్లోనే చూసింది. గట్టిగా ఊపిరి పీల్చింది.

"సరే. నీ పని నువ్వు చెయ్యి. నా పని నేను చేస్తాను."

ఫోన్ తీసి అంకన్నకు చేసింది. గూడెంలో సిగ్నల్ అందేది ఒక్క బండమీదే. అంకన్న ఆ బండమీద నిలబడి ఆమె చెప్పిన ప్రతి మాటా గుడిసెలోని తన తల్లి లింగమ్మకు కేకవేసి చెప్పాడు. "నీళ్ళు కాచమంది! గుడ్డలు ఉడకబెట్టమంది! తొందరపెట్టొద్దంది!"

షెడ్డులో ఓబులేసు చైను తీసి, మళ్ళీ ఎక్కించాడు. ఈసారి ప్రతి గీతా రెండుసార్లు చూసుకున్నాడు. ఒక చుట్టు తిప్పాడు. రెండు చుట్లు తిప్పాడు. కింద గీత కలిసింది. పైన గీత కలిసింది. మబ్బు మెల్లగా గుమ్మం దాటి వెనక్కి పోయింది. మూత బిగించి, చాంబర్ బిగించి, ఆయిల్ పోసి, తాళం తిప్పాడు. ఇంజన్ పిల్లి ఊపిరిలా మెత్తగా మోగింది.

"నేనూ వస్తానమ్మా" అన్నాడు. "నేను చేసిన బండి. ఆ మలుపు దాటేటప్పుడు నేనూ అందులో ఉండాలి."

పొద్దు ఇంకా గుంకలేదు గానీ కనుమలో వెలుతురు బూడిదరంగుకు తిరిగింది. సలోమి నడుపుతుంటే ఒక్కొక్క మలుపే ఎక్కారు. ఆరో మలుపు దాటాక పిట్టగోడ అయిపోయింది.

"వెనకాల ఏదో బండి వస్తోంది" అంది సలోమి. "దారివ్వనా?"

గరగరమనే చప్పుడు. వెనక కాదు, పక్కనుంచి. ఎడమపక్క, లోయవైపు. ఒక బండి కాదు, పది బండ్లు కలిసి ఎక్కుతున్నట్టుంది. ఆ చప్పుడు కారుతోపాటే వస్తోంది. ఆ పక్కన నేల లేదు.

"దారి ఇవ్వకండి. కొండను ఆనుకునే పోనివ్వండి. ఆగకండి."

సలోమి గేరు మార్చి గట్టిగా తొక్కింది. ఇంజన్ ఒక్కసారి కూడా గింజుకోలేదు. నిండుగా లాగింది.

ఓబులేసు పక్క అద్దం మీద ఎవరో వేలితో తట్టారు. ఒకసారి. రెండుసార్లు. మూడుసార్లు.

"బండిలో చోటుందా మేస్త్రీ?"

"లేదు" అన్నాడు ఓబులేసు, అద్దం వైపు చూడకుండా.

సలోమి స్టీరింగు తిప్పింది. తర్వాత ఆ గొంతు, కోపం లేకుండా, విసుగు కూడా లేకుండా అంది. "పోనీలే. మేస్త్రీలు ఇంకా చాలామంది ఉన్నారు."

మలుపు తిరిగింది. మబ్బు తెగిపోయి, ఎర్రటి ఎండ కళ్ళలో పడింది. చప్పుడు ఆగిపోయింది. సలోమి చీర చెంగుతో నుదురు తుడుచుకుంది. "ఆ బండి ఏమైంది?" అని అడిగింది. "పైకి పోనివ్వండమ్మా" అన్నాడు ఓబులేసు.

గూడెం చేరేసరికి బిడ్డ పుట్టి ఏడుస్తోంది. ఆడపిల్ల. లింగమ్మ చేతులే పురుడు పోశాయి. కానీ తల్లికి రక్తం ఆగడం లేదు. సలోమి పెట్టె తెరిచి, సూది వేసి, పొత్తికడుపు మర్దన చేస్తూ ఈదమ్మ పక్కనే కూర్చుంది. అరగంటకు రక్తం ఆగింది. ఈదమ్మ కళ్ళు తెరిచి, "పిల్ల ఏదీ?" అంది.

"ఇంకొంచెం ఆలస్యమైతే తల్లి దక్కేది కాదు" అంది సలోమి బయటికి వచ్చి. "దారిలో ఆగిపోయి ఉంటే అసలు దక్కేదే కాదు."

ఓబులేసు ఆ బండమీద కూర్చుని ఉన్నాడు. చెక్కుకుపోయిన కణుపులు అప్పుడు మండాయి. లింగమ్మ కుండతో నీళ్ళు తెచ్చి, అతని చేతులమీద పోసింది. ఆ మూత పెట్టేసి ఉంటే ఏమయ్యేదో తలచుకుని అతను చాలాసేపు ఏడ్చాడు. కుండ ఖాళీ అయ్యేదాకా ఆమె పోస్తూనే ఉంది.

కాబట్టి పిల్లలూ, ఎవరూ చూడని చోట కూడా పని నిజాయితీగా చెయ్యాలి. పొరపాటు జరిగితే దాచకుండా చెప్పి సరిదిద్దుకోవాలి, ఎందుకంటే దాచిన తప్పు చిన్నదే అయినా దాని మీద ఒక నిండు ప్రాణం ఆధారపడి ఉండవచ్చు.