వెనకడుగు వెయ్యని గుర్రం

అనగనగా, అనగనగనగా, కొండ కింద ఒక ఊళ్ళో ఒక రాజుండేవాడు. చిన్న రాజేలే, గుర్రాలు నాలుగే. ఆ నాలుగింటినీ చూసుకునేవాడు పోలినాయుడు. మన కథ రాజుది కాదు, ఆ పోలినాయుడిది. ఊ కొట్టండర్రా, గోడకి చెప్పుకుంటున్నట్టుంది నాకు.

రాజుగారి గుర్రపుసాలలో ఒక కట్టుబాటుండేది. దసరానాడు జమ్మిచెట్టు దాకా ఊరేగింపు ముందు గుర్రం నడుస్తుంది కదా, అది వెనకడుగు వెయ్యకూడదు. వేస్తే రాజ్యానికి అరిష్టమట. ఆ ఒక్కరోజుకైతే పోనీ అనుకుందుం. అలవాటైపోతుందేమోనని ఏడాది పొడుగునా వెనక్కి నడిపించేవారే కాదు. మేతకి ముందుకే, నీళ్ళకి ముందుకే, చుట్టూ తిప్పి తీసుకొచ్చినా ముందుకే.

పోలినాయుడి ప్రాణమంతా చుక్క అనే ఆడగుర్రం మీదే. పాలు మరవకుండానే తల్లి లేనిదైపోతే సీసాతో పట్టి పెంచాడు. ఆ తల్లి సంగతి తరవాత చెప్తాను, తొందరపడకే పిల్లా.

ఒక దసరాకి ఏమైందీ? జమ్మిచెట్టు ఇంకో కూతవేటు దూరం ఉందనగా చుక్క ఆగిపోయింది. వెనక ఎడంకాలు కర్రలా బిగుసుకుని వెనక్కి చాచుకుపోయింది. గిట్ట కొస నేలమీద రాసుకుపోతోంది. పోలినాయుడు కళ్ళెం పట్టి లాగాడు, బతిమాలాడు, అదిలించాడు. ఊహూఁ. ఊరంతా చూస్తోంది. రాజు మొహం మాడిపోయింది. వచ్చే దసరాకి తిన్నగా నడవకపోతే కొండమీద వదిలెయ్యమన్నాడు. పనికిరాని గుర్రాల్ని వాళ్ళక్కడే వదిలేసేవారు. పైన చిరుతపులులున్నాయి. ఇంక నన్నేం చెప్పమంటారు?

పోలినాయుడు ఎవర్నడగలేదు కనక! వైద్యుణ్ణడిగితే ఆముదం అన్నాడు, ఆముదం రాస్తే కాలు రాలేదు. మంత్రగాణ్ణడిగితే దిష్టి అన్నాడు, దిష్టి తీస్తే కాలు రాలేదు. కమ్మరినడిగితే వాత అన్నాడు, వాత పెడితే, పాపం, గుర్రం ఏడ్చింది గాని కాలు రాలేదు. అందర్నీ అడిగాడు, గుర్రాన్నొక్కదాన్నే అడగలేదు.

చివరికి, కాలికి విశ్రాంతిస్తే అదే సర్దుకుంటుందని గుంజకి కట్టేశాడు. ప్రేమతోనే కట్టేశాడు. నెలలు కట్టేశాడు. తొడమీద కండ జారిపోయి కాలు రోజుకి నాలుగుసార్లు బిగుసుకోవడం మొదలెట్టింది. నా మోకాలు చూడండి, పీటమీద గంటసేపు కూచుంటే లేస్తుందా? అదీ అంతే.

పోలినాయుడి కోడలు అచ్చియ్యమ్మ గుర్రానికి ఉలవలు ఉడకబెట్టి పట్టుకెళ్ళేది. ఒకరోజు వేడి కుండ గుర్రం మూతి దగ్గరికి పోనిచ్చిందేమో, చుక్క ఉలిక్కిపడి ఒక అడుగు వెనక్కేసింది. టక్‌మని చప్పుడు. బిగిసిన కాలు హాయిగా వంగింది! ఆ పిల్ల నోరు మూసుకుని నాలుగురోజులు చూసింది. వెనక్కి జరిగినప్పుడల్లా టక్, కాలు వచ్చేస్తోంది. అప్పుడు మావగారికి చెప్పింది. గుర్రం నిలబడి నిద్రపోవడానికి దేవుడు మోకాటి చిప్పకి గొళ్ళెం పెట్టాడు, దీనికది పడుతోంది గాని ఊడటం లేదు, తలుపు కాస్త వెనక్కి నెడితేనే కదా బిగుసుకున్న గొళ్ళెం వస్తుందీ అని.

ఆయన మండిపడ్డాడు. తాతలనాటి కట్టుబాటు, వెనకడుగు మాటెత్తొద్దన్నాడు. కోడలు తల వంచుకునే అంది: "మావయ్యా, అరిష్టం దసరానాడు కదా. ఇవాళ ఉత్త మంగళవారం."

పోలినాయుడు సాలలోకెళ్ళాడు. కాలు బిగిసి నిలబడ్డ చుక్క గుండెకి అరచెయ్యి ఆనించి మెల్లిగా నెట్టాడు. ఒక్కటంటే ఒక్క అడుగు. టక్.

సంతోషించాడనుకుంటున్నారా? అక్కడే గడ్డిలో కూలబడిపోయాడు. ఎందుకంటే చుక్క తల్లి గంగ కూడా ఇలాగే ఆగిపోయేది. దాన్ని మొండిదన్నాడు, దొంగదన్నాడు. ముందుకి నడవమని చర్నాకోలతో కొట్టాడు. కొట్టి కొట్టి, చివరికి తన చేత్తోనే కొండమీద వదిలేసి వచ్చాడు. అది కాలీడ్చుకుంటూ కొంతదూరం వెనకాలే వచ్చిందట. ఈయన రాయి విసిరాడట. ఏం చేస్తాం, చేతులు కాలాక ఆకులు.

ఆ రోజునించీ చుక్కని గుంజకి కట్టలేదు. కింద మోకాలెత్తు గడ్డి పరిచాడు. గిట్టలు పొట్టిగా గుండ్రంగా చెక్కించాడు. గిరుక్కున తిప్పేవాడు కాదు, పరుగు పెట్టించేవాడు కాదు. ముందు తిన్నటి దారిలో, బలం వచ్చాక ఏటవాలుగా ఎగువకి, రోజూ నడిపించేవాడు. ఆ ఊళ్ళో ఎగువంటే కొండ దారే కదర్రా. గంగని వదిలేసిన దారి. తొడకి మళ్ళీ కండొచ్చింది గాని, పోలినాయుడికి ఆ దారిలో ఒక్కరోజూ కళ్ళు తడవకుండా లేవు.

దసరా రానే వచ్చింది. చుక్క ఊరేగింపు ముందు చక్కగా నడిచి, మళ్ళీ సరిగ్గా అక్కడే ఆగింది. ఊరు ఊపిరి బిగబట్టింది. పోలినాయుడు రాజుగారి ఎదటే గుర్రాన్ని ఒక అడుగు వెనక్కేయించాడు. టక్. ఆ పైన చుక్క జమ్మిచెట్టు దాకా ఆగలేదు. రాజు నిలదీశాడు. పోలినాయుడు చేతులు కట్టుకుని అన్నాడు: "వెనకడుగు వెయ్యనివ్వక దీని తల్లిని చంపుకున్నాను బాబూ. బిడ్డనైనా నాకొదిలెయ్యండి."

రాజు కూడా మనిషే. కట్టుబాటు ఎత్తేశాడు, కొండమీద వదలడమూ ఎత్తేశాడు. చుక్క ముసలిదయ్యేదాకా హాయిగా బతికింది. అందరూ బాగున్నారు.

గంగ మళ్ళీ వచ్చిందా అంటావా? రాలేదమ్మా. ఆయన మాత్రం రోజూ కొండ మలుపు దగ్గర ఆగి, "గంగా, ఒకడుగు వెనక్కెయ్యి తల్లీ" అని అక్కడ లేనిదానికి చెప్పి దిగేవాడట. ఎవరైనా ఆగిపోతే లాగకండర్రా, కొట్టకండి. ముందు ఎందుకాగారో చూడండి.

కథ మెల్లిగా నడుచుకుంటూ కంచికెళ్ళింది. మీరు దుప్పట్లోకెళ్ళండి. నా మోకాలు బిగుసుకుంది, ఒకరు చెయ్యివ్వండి.